వాతావరణపు పొరలు: వాని ఆవిష్కరణ చరిత్ర

భూమిని అన్ని దిక్కుల ఆవరించియున్న వాయురాశిని శాస్త్రజ్ఞులు, ఎత్తుతోబాటు ఉష్ణోగ్రత మాఱు రీతిని బట్టి, ట్రోపో ఆవరణము, స్ట్రాటో ఆవరణము, మీసో ఆవరణము, థర్మో ఆవరణము అను నాలుగు పొరలుగను, వానికి వెలుపల క్రమక్రమముగా అంతరిక్షమున లీనమైపోవు ఎక్సో ఆవరణముగను విభజించియున్నారు. నేలనుండి పైకి పోవుకొలది మొదటి పొరలో చలి హెచ్చును. రెండవదానిలో వేడి హెచ్చును. మూడవదానిలో మరల చలియు, నాల్గవదానిలో మరల వేడియు హెచ్చును. ఈ పొరల నడుమ కంటికి కానవచ్చు హద్దు లేదు. నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ఆమ్లజని, మిగిలిన యొక్క పాలు ఆర్గాను మున్నగు వాయువులు అను కూర్పు ఇంచుమించు 100 కిలోమీటర్ల ఎత్తు వఱకు మాఱదు. గాలి యొకటియే, అది వేడెక్కు తీరు మాత్రము చోటుచోటునకు వేఱు. ఈ పొరలు ఉన్న వరుసలోనే మనుష్యునకు తెలిసినవి కావు: నూఱు కిలోమీటర్ల పైనున్న విద్యుత్ స్తరము రేడియో సాయమున ముందుగనే పట్టుబడగా, దానికంటె దిగువనున్న మీసో ఆవరణము రాకెట్లు వచ్చునంతవఱకు కొలతకు లొంగలేదు.

ఎత్తున గాలి యొకే విధముగ నుండదను ఊహ మాత్రము చాల ప్రాచీనము. మన పురాణములు ఆవహము, ప్రవహము మొదలుకొని పరావహము వఱకు ఏడు వాయుస్కంధములను చెప్పినవి. క్రీ. శ. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు భూమికి వెలుపల పండ్రెండు యోజనముల మేర భూవాయువు కలదనియు, మేఘములు, మెఱుపులు మొదలగునవి అందే పుట్టుననియు, దానిపైనున్న ప్రవహవాయువు గ్రహనక్షత్రములను త్రిప్పుచున్నదనియు తలచెను. మేఘములును మెఱుపులును అడుగు పొరకే చెందినవను మాట నేటికిని చాలవఱకు సరియైనదే. ఐనను దీనిని బట్టి మన పూర్వులు ట్రోపో ఆవరణమును ముందే యెఱుగుదురని చాటుకొనుట వారికి గౌరవము చేయుట కాదు. ఆ స్కంధములు జ్యోతిశ్చక్రము తిరుగుటకు కారణము నూహించు యత్నమున పుట్టినవే గాని, ఎత్తున గాలిని కొలిచి చూచుటవలన పుట్టినవి కావు.

కొలుచుటకు తగిన సాధనము పదునేడవ శతాబ్దమున లభించినది. ఇటలీ దేశమున టారిచెల్లి 1643లో పాదరసపు భారమితిని కల్పించి గాలికి బరువు కలదని చూపెను. ఆ బరువే పాదరసమును నిలుపుచున్నచో కొండ శిఖరమున, అనగా పైన గాలి తక్కువగ నుండుచోట, పాదరసము కొంత దిగవలెనని ఫ్రాన్సు దేశమున పాస్కల్ తర్కించి, ఆ పరీక్షను తన బావయగు పెరియేకు అప్పగించెను. ఆయన 1648 సెప్టెంబరు 19వ తేదీన క్లెర్మాన్ పట్టణమున నొక భారమితిని కాపుంచి, వేఱొకదానిని ప్యూయి ద డోమ్ శిఖరమునకు గొనిపోయి చూడగా, అచట పాదరసము మూడంగుళములకు పైగా దిగియుండెను. ఎత్తునకును వాయుభారమునకును గల సంబంధమును 1686లో హేలీ గణితరూపమున నిరూపించెను. సుమారు ఐదున్నర కిలోమీటర్లు పైకి పోయినచో వాయుభారము సగమగును. మరల అంత ఎత్తు పోయినచో ఆ సగములో సగమగును. ఈ లెక్కకు తుది లేదు గనుక, గాలి పైకి పోవుకొలది పలుచనగుచు, చల్లనగుచు, మెల్లగా శూన్యమైపోవునని రెండు శతాబ్దములకు పైగా పండితులు నిశ్చయముగ నమ్మిరి.

బెలూనులు ఆ నమ్మకమును చెఱుపలేదు సరిగదా, మఱింత దృఢపఱచినవి. 1783లో ఛార్లెస్ ఉదజని నింపిన బెలూనులో భారమితిని, ఉష్ణమాపకమును వెంటగొని యెగిరెను. 1804లో గే-లుసాక్ ఒంటరిగా ఏడు కిలోమీటర్లెక్కి, అచటి గాలిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షింపగా, అందలి కూర్పు నేలపైని గాలి కూర్పే యని తేలినది. 1862లో గ్లెయిషర్, కాక్స్‌వెల్ అను ఆంగ్లేయులు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు పోయిరి. గ్లెయిషర్ స్పృహ దప్పిపడియుండగా, చేతులు కొయ్యబాఱిన కాక్స్‌వెల్ పండ్లతో కవాటపు త్రాటిని లాగి ఇరువుర ప్రాణములను కాపాడెను. 1875లో ‘జెనిత్’ అను ఫ్రెంచి బెలూనులో పోయిన ముగ్గురిలో ఇరువురు ఊపిరాడక మరణించిరి. ఇంతటి సాహసములకును దొరికిన ఫలము, పైన చలి యధికమను పూర్వజ్ఞానమే. మఱి రెండు కిలోమీటర్ల ఎత్తున ఆ చలి ఆగిపోవుచున్నదను సంగతి తెలిసికొనుటకు మనుష్యుడు నేలమీదనే నిలిచి సాధనమును మాత్రము పైకి పంపవలసివచ్చినది.

1892లో ఎర్మీత్, బెజాన్సాన్ అను ఫ్రెంచివారు, తమంత తామే వ్రాసికొను సాధనములను చిన్న బెలూనులకు కట్టి విడుచు పద్ధతిని ఆరంభించిరి. ఈ పద్ధతిని శాస్త్రముగ నొనర్చినవాడు తెస్రాంక్ ద బోర్. ఈయన వెర్సాయి సమీపమున ట్రాప్ అను గ్రామమున స్వంత ధనముతో పరిశోధనాలయమును నెలకొల్పి, ఉదజని నింపిన కాగితపు బెలూనులను వందలకొలది ఎగురవేసెను. దాదాపు పదునొకండు కిలోమీటర్ల వఱకు క్రమముగ పడిపోయిన ఉష్ణోగ్రత ఆపైన పడుట మానివేసినట్లు ఆయన పత్రములు చూపినవి. దీనిని ఆయన వెంటనే ప్రకటింపలేదు. అంత పలుచని గాలిలో సూర్యకిరణములు తగిలి సాధనమే వేడెక్కుచున్నదేమో యను సందేహమున, ఎండ సోకని రాత్రివేళల బెలూనులు విడిచెను. ఋతువులు మాఱిన కొలది మరల మరల విడిచెను. ఫలము మాఱలేదు. 236 బెలూనుల లెక్కలు చేతబట్టుకొని 1902 ఏప్రిల్ 28వ తేదీన ఆయన ఫ్రెంచి శాస్త్రపరిషత్తునకు తన నిర్ణయమును నివేదించెను. మూడు దినముల పిమ్మట బెర్లినులో ఆస్మన్, పైకి పోయి పగిలిపోవు రబ్బరు బెలూనులతో తాను స్వతంత్రముగ జరిపిన పరీక్షల వలన అదే నిర్ణయమును ప్రకటించెను. వాతావరణశాస్త్రమున ఇంతకంటె గొప్ప ఆవిష్కరణము మఱియొకటి కలదని ఈ రచయితకు తోచదు. రెండు వందల యేండ్ల నిశ్చయమును కాగితపు సంచులు త్రోసిపుచ్చినవి. ఈ రెండు పొరలకును ట్రోపో, స్ట్రాటో అను పేర్లు పెట్టినవాడును తెస్రాంక్ ద బోరే.

అడుగు పొరలో ఎత్తుకొలది చలి హెచ్చుటకు కారణము సులభగ్రాహ్యము. సూర్యకాంతి చాలవఱకు గాలిని దాటి వచ్చి నేలను వేడిచేయును. నేల తన్నంటిన గాలిని వేడిచేయును. ఆ గాలి తేలికయై పైకెగసి, అచట భారము తక్కువగుటచే వ్యాకోచించి చల్లబడును. సగటున కిలోమీటరునకు ఆఱున్నర డిగ్రీల చొప్పున ఈ తగ్గుదల కానవచ్చును. మొత్తము వాయురాశిలో ముప్పాతిక భాగమును, నీటియావిరి దాదాపు అంతయు ఈ పొరలోనే కలవు. వానలు, తుపానులు, ఋతుపవనములు దీని సంతానమే. దీని పైహద్దునకు ట్రోపోపాజ్ అని పేరు. ఈ హద్దు ధ్రువప్రాంతముల ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల ఎత్తునను, భూమధ్యరేఖాప్రాంతముల పదునాఱు పదునెనిమిది కిలోమీటర్ల ఎత్తునను ఉండును. 1908లో బెర్సన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సునకు పోయి బెలూనులు విడిచి ఈ భేదమును గ్రహించెను. ఆగ్రాలోని బెలూను పరీక్షల ఆధారమున కె. ఆర్. రామనాథన్ 1929లో ధ్రువముల నుండి భూమధ్యరేఖ వఱకు ఉష్ణోగ్రతల చిత్రమును గీయగా, ఎండలు మండు ఉష్ణమండలపు నెత్తినున్న ట్రోపోపాజే ధ్రువములపై దానికంటె మిక్కిలి చల్లనిదని, సున్నకు దిగువ 80 డిగ్రీల వఱకు పోవునని విశదమైనది. తెలుగునాట వేసవి సాయంకాలములందు ఉఱుములతో లేచు పెనుమేఘము పైకెగసి యెగసి, ఒకచోట తల చదునై కమ్మరి దాగలివలె ప్రక్కలకు సాగుట పలువురు చూచియుందురు. ఆ మేఘమును చదును చేసినది ట్రోపోపాజే. పైనున్న వెచ్చని గాలిలోనికి మేఘమునందలి గాలి తేలిపోజాలదు.

స్ట్రాటో ఆవరణమున ఉష్ణోగ్రత స్థిరముగ నుండునని తొలుత తలచిరి. పెద్ద ప్రేలుడుల మ్రోత సమీపమున వినబడి, కొంత దూరము వినబడక, ఇంకను దూరమున మరల వినబడు వింతకు కారణము వెదకినవారికిని, 1920 దశకారంభమున ఉల్కలు మండిపోవు ఎత్తులను లెక్కించిన లిండెమన్, డాబ్సన్ అనువారికిని, పైన ఎచటనో గాలి వెచ్చబడుచుండవలెనని తోచినది. ఆ వెచ్చదనమునకు మూలము ఓజోను. సూర్యుని అతినీలలోహిత కిరణములు భూమికి చేరకపోవుటకు ఓజోనే కారణమని హార్ట్‌లీ 1881లో చెప్పియుండెను. 1913లో ఫాబ్రీ, బ్విసాన్ దాని మొత్తమును కొలిచిరి. అతినీలలోహితము ఆమ్లజని అణువులను చీల్చుటచే ఓజోను పుట్టునని 1930లో సిడ్నీ ఛాప్మన్ వివరించెను. ఆకాశమందలి ఓజోనునంతటిని నేలమీది భారమునకు అణచినచో మూడు మిల్లీమీటర్ల మందము మాత్రమే యగును. అంత స్వల్పమైన వాయువు గ్రహించిన కిరణముల వేడిమిచేతనే 50 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్న డిగ్రీల సమీపమునకు ఎగబ్రాకుచున్నది. క్రింద చల్లన, పైన వెచ్చన యగుటచే ఈ పొరలో గాలి నిలువుగా కలియబడదు. 1991లో పినటూబో అగ్నిపర్వతము ఎగజిమ్మిన గంధకపు పొగ ఇందు చేరి రెండేండ్ల దాక తొలగక, భూమిని సుమారు అర డిగ్రీ చల్లబఱచినది.

ఇంతలో మఱియొక ద్వారము తెఱచుకొన్నది. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రమునకు అడ్డముగ రేడియో సంకేతమును పంపగా, తిన్నగ పోవలసిన తరంగము భూగోళపు వంపు వెంట ఎట్లు పోయినదని ప్రశ్న పుట్టినది. మఱుసటి సంవత్సరమున కెన్నెలీ, హెవిసైడ్ వేఱువేఱుగ, పైన విద్యుద్వాహకమైన స్తరమొకటి తరంగమును క్రిందికి మరల్చుచున్నదని సూచించిరి. 1924లో ఆపిల్టన్, బార్నెట్ అనువారు ఇంగ్లాండున రేడియో తరంగముల ప్రతిఫలనము నుండి దాని యునికిని రుజువు చేసి, ఎత్తును కొలిచిరి. ఈ కృషికి ఆపిల్టన్ 1947లో నోబెల్ బహుమానమందెను. అదే యేట కలకత్తాలో శిశిరకుమార మిత్ర ఈ విషయమును సమగ్రముగ చర్చించు ఉద్గ్రంథమును వెలువరించెను. ఐనో ఆవరణమని పిలువబడు ఈ భాగము వేఱొక పొర కాదు. సూర్యకిరణముల వలన అణువులు ఎలక్ట్రానులను కోల్పోయిన ప్రదేశము మాత్రమే. ఇది మీసో ఆవరణపు పైభాగమునుండి థర్మో ఆవరణము లోనికి వ్యాపించియుండును.

బెలూనులకు అందనంత యెత్తును, ఉపగ్రహములు నిలువజాలనంత దిగువయునైన మీసో ఆవరణము చిరకాలము ఊహలకే విషయమైనది. 1885 వేసవిలో ఐరోపా ఉత్తరభాగమున సూర్యాస్తమయానంతరము వెండివలె మెఱయు మేఘములు కానవచ్చినవి. అవి 80 కిలోమీటర్లకు పైని ఎత్తున కలవని జర్మనీలో యెస్సే ఛాయాచిత్రముల మూలమున లెక్కించెను. అచట మంచు కట్టుటకు ఎంతటి చలి కావలెనో నాడు నిర్ణయించు సాధనము లేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1946 మొదలుకొని, అమెరికాలోని వైట్ సాండ్స్ నుండి ఎగురవేసిన వి-2 రాకెట్లు తొలిసారి ఈ పొరను చీల్చుకొని పోయి కొలతలను తెచ్చినవి. ఇందు ఓజోను తక్కువ, బొగ్గుపులుసు వాయువు తన వేడిని అంతరిక్షమునకు వెడలగొట్టుచుండును; కావున ఎత్తుకొలది చలి హెచ్చి, 85 కిలోమీటర్ల ప్రాంతమున సున్నకు దిగువ 90 డిగ్రీలకు దిగును. ఇందలి వింత యేమనగా, ధ్రువప్రాంతమున ఈ ఎత్తున అత్యధికమైన చలి, సూర్యుడు అస్తమింపని వేసవిలోనే కలుగును. వేసవి ధ్రువమున గాలి పైకెగసి వ్యాకోచించుటచే ఉష్ణోగ్రత సున్నకు దిగువ 130 డిగ్రీలకును లోబడిపోవును.

దానిపైని థర్మో ఆవరణమున సూర్యుని తీక్ష్ణకిరణములను ఆమ్లజని, నత్రజని నేరుగ గ్రహించుటచే ఉష్ణోగ్రత వేయి డిగ్రీలు దాటును. కాని యచట గాలి ఎంత పలుచననగా, ఆ వేడి వస్తువుల నంటదు. సూర్యుడు ప్రకోపించినప్పుడు ఈ పొర ఉబ్బి ఉపగ్రహములకు అడ్డు తగులును. 1979 జూలైలో స్కైలాబ్ అను అంతరిక్షశాల కూలిపోవుటకు కారణమిదే. అది తమ నెత్తిన పడునని తెలుగు పల్లెలు వణకిన దినములు వృద్ధులకు నేటికిని జ్ఞాపకమే. దానికి వెలుపలి ఎక్సో ఆవరణమున ఉదజని పరమాణువులు ఒకదానినొకటి తాకకయే తిరుగుచు, కొన్ని భూమిని విడిచి పోవుచుండును. ఆ ఉదజని ఛాయ చంద్రుని కక్ష్యకును ఆవల, 6,30,000 కిలోమీటర్ల దాక కలదని 2019లో ప్రకటించిరి.

ఈ పొరల పరిశోధనలో తెలుగునేలకును పాలు కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావు ఐనో ఆవరణ పరిశోధనకు పునాది వేసెను. హైదరాబాదులో 1969లో నెలకొనిన బెలూను కేంద్రము నుండి మహాబెలూనులు 40 కిలోమీటర్లకు పైగా పోవుచున్నవి. 2005లో అట్టిదొకటి తెచ్చిన గాలిలో అంతకు మున్నెఱుగని బాక్టీరియా జాతులు దొరకినవి. తిరుపతి సమీపమున గాదంకిలోని రాడారు 1024 ఆంటెన్నాలతో మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణములను మూడింటిని గాలించును. ఐనను దానికి నడుమ 30 నుండి 60 కిలోమీటర్ల వఱకు ప్రతిధ్వని దొరకదు. ఆ కొఱతను తీర్చుటకు 1998లో జపాను సహకారముతో లేసరు కాంతిని పైకి పంపు లైడారును అచటనే స్థాపించిరి.

మనుష్యుని చేతలు ఈ పొరలనన్నిటిని తాకుచున్నవి. శీతలయంత్రములలోని క్లోరోఫ్లోరోకార్బనులు ఓజోనును నశింపజేయునని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికాపై ఓజోను తగ్గుదల బయల్పడినది. ఆ వాయువులను అరికట్టుటకై 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో అడుగు పొర వేడెక్కి, స్ట్రాటో ఆవరణము చల్లబడునని మనాబే, వెదరాల్డ్ 1967లో లెక్కించిరి. కొలతలును అట్లే చూపుచున్నవి. ఉత్తరార్ధగోళమున ట్రోపోపాజ్ దశాబ్దికి ఇంచుమించు 50 మీటర్లు పైకి జరుగుచున్నది. థర్మో ఆవరణమును చల్లబడి కుంచించుకొనిపోవుచున్నందున, కక్ష్యలో తిరుగు పాడుపడిన ఉపగ్రహముల తునకలకు గాలి యడ్డు తగ్గి, అవి రాలిపోవుటకు మునుపటికంటె దీర్ఘకాలము పట్టుచున్నది.