వి.సి. ఆండ్రూస్ నవలా పరంపర

అమెరికన్ రచయిత్రి క్లియో వర్జీనియా ఆండ్రూస్ (1923–1986) మొదలుపెట్టిన, ఆమె మరణించాక ఆండ్రూ నైడర్‌మన్ కొనసాగించిన గోథిక్ కుటుంబ గాథలివి. ఆమె బతికుండగా వెలువడిన నవలలు ఏడే. అదే పేరుతో నైడర్‌మన్ రాసినవి దానికి ఎన్నో రెట్లు.

ఆండ్రూస్ వర్జీనియా రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో పుట్టింది. చదువుకునే వయసులో బడి మెట్ల మీద పడిపోయింది. తర్వాత కీళ్లవాతం పట్టుకుంది. ఆపరేషన్లు జరిగినా ఊతకర్రలు, చక్రాల కుర్చీ తప్పలేదు. పెళ్లి చేసుకోకుండా తల్లి దగ్గరే ఉండిపోయి, బొమ్మలు గీసి సంపాదించింది. 1979లో, 56వ ఏట, పాకెట్ బుక్స్ సంస్థ ఆమె నవల ‘ఫ్లవర్స్ ఇన్ ది ఆటిక్’ను నేరుగా పేపర్‌బ్యాక్‌గా అచ్చువేసింది. అట్ట మీద ఆడపేరు కనిపించకుండా ‘వి.సి.’ అన్న పొడి అక్షరాలే ఉంచారు. ఆ రోజులకు కాస్త ముందు తెలుగు వారపత్రికల్లో దీనికి తలకిందులుగా జరిగింది: రచయిత్రులకున్న గిరాకీ చూసి మగవాళ్లు ఆడపేర్లతో రాశారు.

కథ ఇదీ. కారు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న కోరిన్, నలుగురు పిల్లలతో ఫాక్స్‌వర్త్ హాల్ అనే పుట్టింటి భవనానికి చేరుతుంది. తండ్రి ఆస్తి దక్కాలంటే తనకు పిల్లలున్నట్టు ఆయనకు తెలియకూడదు. అందుకని వాళ్లను ఓ గదిలో, దానిపైన ఉన్న అటక మీద దాచిపెడుతుంది. కొద్ది రోజులన్నది మూడేళ్లు దాటుతుంది. అమ్మమ్మ క్రూరత్వం, తినుబండారంలో కలిపిన ఆర్సెనిక్, చిన్న కొడుకు చావు, పెద్ద పిల్లలిద్దరి మధ్య నిషిద్ధ సంబంధం, అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. అమెరికాలో కొన్ని పాఠశాలల గ్రంథాలయాలు ఈ పుస్తకాన్ని తొలగించాయి. ఆడపిల్లలు మాత్రం చేతులు మార్చుకుంటూ చదివారు. గోథిక్ నవలలో పాడుబడ్డ కోటలు, దయ్యాలు మామూలే. ఆండ్రూస్ దయ్యాన్ని తీసేసి కన్నతల్లిని నిలబెట్టింది. ఈ నవల బలమంతా అక్కడే ఉంది. బయటికి వెళ్లలేని దేహానికి కిటికీలోంచి కనిపించే లోకం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

‘పెటల్స్ ఆన్ ది విండ్’ (1980), ‘ఇఫ్ దేర్ బీ థార్న్స్’ (1981), ‘సీడ్స్ ఆఫ్ యెస్టర్‌డే’ (1984) ఆ కుటుంబ కథను పొడిగించాయి. మధ్యలో వచ్చిన ‘మై స్వీట్ ఆడ్రినా’ (1982) విడి నవల. పేద కొండ ప్రాంతపు అమ్మాయి కథగా 1985లో ‘హెవెన్’తో కాస్టీల్ వరుస మొదలైంది. దాని రెండో భాగం వచ్చిన 1986లోనే, డిసెంబరు 19న, ఆండ్రూస్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది.

ఆమె సాహిత్య ఏజెంటు అనీటా డయమంట్‌కు నైడర్‌మన్ కూడా క్లయింటే. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసిన ఆయన, అప్పటికే మూసిన ఇంట్లో పెరిగిన అన్నాచెల్లెళ్ల భయానక కథ ‘పిన్’ (1981) రాసి ఉన్నాడు. తర్వాత సినిమాగా వచ్చిన ‘ది డెవిల్స్ అడ్వొకేట్’ (1990) నవలా ఆయనదే. ఆండ్రూస్ పేరుతో ఆయన చేయి పెట్టిన మొదటి పుస్తకం ‘గార్డెన్ ఆఫ్ షాడోస్’ (1987). రాక్షసిగా కనిపించిన అమ్మమ్మ ఒలీవియాను ఇందులో కొత్త పెళ్లికూతురుగా చూపి, కథను ఆమె నోటే చెప్పించారు. ఈ పరంపరలో నిజంగా మెచ్చుకోదగ్గ ఎత్తుగడ ఇది.

కాస్టీల్ వరుస ముగిశాక, 1990లో ‘డాన్’తో కట్లర్ కుటుంబం కథ మొదలైంది. ఎంపిక చేసిన ఒక రచయిత పనిచేస్తున్నారని ఆండ్రూస్ కుటుంబం పాఠకులకు లేఖ ద్వారా తెలిపింది, పేరు మాత్రం చెప్పలేదు. అప్పటినుంచి చట్రం స్థిరపడింది: నాలుగు పుస్తకాల్లో కథ ముందుకు, అయిదోదానిలో వెనక్కి, తల్లి లేదా అమ్మమ్మ యవ్వనానికి. రహస్యాలు దాచుకున్న వంశాలు, తారుమారైన పుట్టుకలు తిరిగి తిరిగి వచ్చాయి. ఆండ్రూస్ పుస్తకాల్లోని ఉక్కిరిబిక్కిరి మాత్రం పలచబడింది.

చట్టపరంగా పెద్ద మలుపు పన్నుల వల్ల వచ్చింది. చనిపోయిన రచయిత్రి పేరు కూడా ఆస్తేనని, వారసత్వ పన్ను కట్టాలని అమెరికా పన్నుల శాఖ పట్టుబట్టి, దాని విలువను 12 లక్షల డాలర్లకు పైగా లెక్కగట్టింది. 1994లో వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు పేరు ఆస్తేనని ఒప్పుకుంది. అయితే విలువ మరణించిన రోజు నాటికే చూడాలి, అప్పటికి మరొకరు రాస్తే పాఠకులు కొంటారో లేదో ఎవరికీ తెలియదు. ఆ నష్టభయాన్ని లెక్కలోకి తీసుకుని విలువను 7,03,500 డాలర్లకు తగ్గించింది. రచయితల, కళాకారుల వారసుల కేసుల్లో ఈ తీర్పును నేటికీ ప్రస్తావిస్తారు.

తొలి నవల 1987లోనూ, టెలివిజన్ కోసం 2014లోనూ సినిమాగా వచ్చింది. మొదటిదానిలో, మరణానికి ముందే చిత్రీకరించిన సన్నివేశంలో, ఆండ్రూస్ పనిమనిషి వేషంలో కాసేపు కనిపిస్తుంది. నైడర్‌మన్ 2022లో ‘ది వుమన్ బియాండ్ ది ఆటిక్’ అనే ఆమె జీవిత చరిత్రను తన సొంత పేరుతో ప్రచురించాడు.