ఒకే ఊరు, పన్నెండు హైస్కూళ్ళు

మా అమ్మాయి, పక్కవీధి పిల్ల చిన్నప్పట్నుంచీ కలిసి వాలీబాల్ ఆడారు. ఇప్పుడు నెట్‌కి చెరోవైపు నిలబడుతున్నారు. కొత్త హైస్కూల్ రావడంతో హద్దుగీత మా రెండు వీధుల మధ్య నుంచే పోయింది. నాకు చాలా కోపం వచ్చింది. కథంతా తెలిశాక కొంచెం తగ్గింది.

2000లో మా ఫ్రిస్కో జనాభా 33,714. 2020కి 2,00,509. డాలస్ శివారంతా ఇలాగే నిండింది, మన తెలుగువాళ్ళతో సహా. పక్కనున్న ఆలెన్ ఊరంతటికీ ఒకే హైస్కూల్ ఉంచుకుంది. 2012లో దానికి 18,000 మంది పట్టే స్టేడియం కట్టింది. ఫ్రిస్కో మాత్రం చిన్న బడులే చాలనుకుంది. 2003లో రెండోది తెరిచారు, 2022కల్లా పన్నెండయ్యాయి.

టెక్సాస్‌లో బడుల పోటీలు నడిపే యూఐఎల్ రెండేళ్ళకోసారి పిల్లల్ని లెక్కపెట్టి, సమానమైన బడుల్ని ఒక తరగతిలో, దగ్గరివాటిని ఒక డిస్ట్రిక్ట్‌లో పెడుతుంది. పెద్ద బడి చేతిలో చిన్నది నలిగిపోకూడదని. 2014లో అన్నిటికంటే పైన 6ఏ తరగతి వచ్చింది. కొత్త బడి తెరిస్తే పాతదాని లెక్క తగ్గుతుంది. అందుకే ప్రత్యర్థులూ మారుతుంటారు.

బడిలో రెండువేలమంది ఉన్నా అయిదువేలమంది ఉన్నా, వాలీబాల్ కోర్టులో దిగేది ఆరుగురే కదండీ. ఊరంతటికీ ఒకే బడైతే ఆ పిల్లకి చోటు ఖాయం. మా అమ్మాయికి దొరికేది కాదు.

ఆ మాట ఇంట్లో ఎవరం అనుకోం. మ్యాచ్ రోజు మాత్రం ఇద్దరికీ కలిపి పులిహోర కడతాను.