ఇష్క్ ఖిస్సాల నుంచి మోగ్లీ దాకా

నవల చదివే ఆడపిల్లనీ, కార్టూన్ ముందు కూచున్న పిల్లాణ్నీ చూసి "బేకార్ షౌక్" అని కసురుకోవడం మన ఇళ్లల్లో పాత రివాజే. కొన్నాళ్లు నిజాం కొలువు చేసిన డిప్టీ నజీర్ అహ్మద్ 'తౌబతున్నసూహ్'లో తండ్రి నసూహ్ తన కొడుకు కలీమ్ కితాబులు తగలబెట్టేస్తాడు. అదే నజీర్ అహ్మద్ ఆడపిల్లల తాలీమ్ కోసం 1869లో 'మిరాతుల్ ఉరూస్' నవల రాశాడు. నసీహత్ చెప్పడానిక్కూడా ఆయనకు ఖిస్సాయే కావాల్సొచ్చింది!

మన దక్కన్‌కి ఇష్క్ కొత్తదేం కాదు. 1609లో గోల్కొండ షాయర్ వజ్‌హీ 'కుతుబ్ ముష్తరీ' మస్నవీ రాశాడు. ఖ్వాబులో కనబడిన బెంగాల్ షహజాదీ కోసం బయల్దేరిన షహజాదా కథ అది. ఆ షహజాదాకి పెట్టింది బాద్షా మహమ్మద్ కులీ పేరే. నాలుగొందల ఏళ్ల కిందటి దక్కనీ జుబాన్ ఇట్లాంటి ఖిస్సాల్లోనే మనకు మిగిలింది.

తెలుగులో ఆ షౌక్‌ని ఇంటింటికీ చేర్చింది యద్దనపూడి సులోచనారాణి. ఆమె 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలయ్యాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు నేర్చిన ఎందరో అమ్మీలకీ ఖాలాలకీ తెలుగు మీద మొహబ్బత్ ఆ నవలలతోనే పుట్టింది.

తర్వాతి తరానికి దూరదర్శన్‌లో మోగ్లీ. బొమ్మలు జపాన్‌వి, షేర్ ఖాన్ హిందీ గొంతు నానా పటేకర్‌ది, పాట రాసింది ఉర్దూ షాయర్ గుల్జార్. అలీఫ్ బే రాని పిల్లల నోట కూడా ఆ పాట ఆడింది.

ఖవాయద్ పుస్తకాన్ని ఎవరూ దిండు కింద దాచుకుని చదవరు. పిల్లల చేతిలో నవల కనబడితే లాక్కోకండి. అందులో ఏముందో అడగండి, మీ జమానాలో మీరు చదివిందీ చెప్పండి.