మోకరించవద్దన్న నియమం: తొలి క్రైస్తవ ప్రార్థనలో వినయం, దేహ భంగిమ

క్రీ.శ. 325లో నైసియాలో కూడిన బిషప్పుల మహాసభ ఇరవై నియమాలు చేసింది. వాటిలో చివరిది ప్రార్థన భంగిమకు సంబంధించింది. ఆదివారాల్లోనూ, ఈస్టరు నుంచి పెంతెకొస్తు దాకా సాగే రోజుల్లోనూ విశ్వాసులు నిలబడే ప్రార్థించాలి, మోకరించకూడదు. మోకరింపే వినయానికి గుర్తని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మనకు ఇది వింతగా తోస్తుంది. క్రీస్తు దైవత్వాన్ని గురించి తీర్మానించిన సభకు మోకాళ్ల సంగతి ఎందుకు పట్టింది?

కారణం నియమంలోనే ఉంది. కొందరు ఆ రోజుల్లోనూ మోకరిస్తున్నారు, అన్నిచోట్లా ఒకే పద్ధతి నడవాలి. సభ చెప్పింది అంతవరకే. నాకు అందులో మరో సంగతి కూడా కనిపిస్తోంది. అందరూ నిలబడి ఉండగా ఒక్కరు మోకాళ్లూనితే ఆ ఒక్కరి భక్తే పదిమంది కళ్లలో పడుతుంది. తనకు ఇష్టమైన భంగిమను వదులుకుని సంఘంతోపాటు నిలబడటానికీ వినయం కావాలి.

లూకా సువార్త 18వ అధ్యాయంలో గుడికి వెళ్లిన పరిసయ్యుడూ, సుంకరీ ఇద్దరూ నిలబడే ప్రార్థించారు. సుంకరి దూరంగా నిలిచాడు, కళ్లెత్తలేదు, రొమ్ము కొట్టుకున్నాడు. మోకాళ్ల ప్రస్తావనే లేదు. కార్తేజికి చెందిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ఈ సుంకరినే చూపి, ప్రార్థనలో చేతులు మరీ పైకెత్తవద్దనీ, ముఖం ధీమాగా నిలపవద్దనీ, గొంతు తగ్గించాలనీ బోధించాడు.

మూడో శతాబ్దంలో వేదాంతి ఓరిజెన్ ప్రార్థనపై రాసిన గ్రంథం 31వ అధ్యాయంలో ఈ విషయాన్ని మరింత లోతుగా చర్చించాడు. చేతులు చాచి, కళ్లు పైకెత్తి నిలబడటం అతని దృష్టిలో అన్నిటికన్నా మేలైన భంగిమ. ఆత్మ ఎలా ఉండాలో దేహం అలా కనిపిస్తుందన్నది అతని వాదన. రోమ్‌లోని ప్రిసిల్లా భూగర్భ సమాధుల గోడమీద ముసుగు వేసుకున్న స్త్రీ సరిగ్గా ఇలాగే నిలబడి ఉంది: రెండు చేతులూ చాచి, కళ్లు పైకెత్తి. ఆ నిలుపులో గర్వం లేదు, అడిగేవారి ఆశ ఉంది. పాపక్షమాపణ వేడుకునేటప్పుడు మాత్రం మోకరించడం అవసరమని ఓరిజెన్ అన్నాడు. సుంకరి దించిన కళ్లనూ, ఓరిజెన్ ఎత్తమన్న కళ్లనూ ఒకే సూత్రంలో ఇమిడ్చే ప్రయత్నం అనవసరమని నా భావన. అడిగేది మారినప్పుడు భంగిమా మారుతుంది.

నాలుగో శతాబ్దపు బిషప్పు బేసిల్ మోకరించడాన్నీ, నిలబడటాన్నీ ఒకే కదలికగా చూశాడు. మోకరించి లేచిన ప్రతిసారీ, పాపంవల్ల పడిపోయామనీ, దేవుని ప్రేమవల్ల తిరిగి లేచామనీ దేహంతో చాటుతున్నామన్నాడు. నేను చదివిన వ్యాఖ్యానాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. వంగడం ఒక్కటే చూసేవారికి ఇందులో సగమే కనిపిస్తుంది.

తెలుగు సంఘాల్లో ఈ చర్చకు ఇప్పటికీ పని ఉంది. చాపల మీద స్త్రీలు కొంగు తలమీదికి లాక్కుని నుదురు నేలకు ఆనించే వేళ, కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లు వెనక కుర్చీల్లో కూర్చుని, తమ ప్రార్థన తక్కువైందేమోనని బాధపడుతుంటారు. కాళ్ల జబ్బున్నవారు కూర్చుని, జ్వరంతో ఉన్నవారు పడుకుని ప్రార్థించవచ్చని ఓరిజెన్ అదే అధ్యాయంలో స్పష్టంగా రాశాడు. కాపరులు ఆ మాట వాళ్లకు చెప్పాలి, మిగతా సంఘమంతా వినేలా చెప్పాలి.