ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్: అర్థశాస్త్ర విభాగం

ఢిల్లీ విశ్వవిద్యాలయం నార్త్ క్యాంపస్‌లో ఉన్న ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను 1949లో వి.కె.ఆర్.వి. రావు స్థాపించారు. వాడుకలో దీని పేరు డి-స్కూల్. పేరులో ఉన్నది అర్థశాస్త్రమే అయినా ఆ ఆవరణలో సోషియాలజీ, జాగ్రఫీ, కామర్స్ విభాగాలూ ఉన్నాయి. సోషియాలజీ విభాగాన్ని 1959లో ఎం.ఎన్. శ్రీనివాస్ నెలకొల్పారు. ఈ వ్యాసం అర్థశాస్త్ర విభాగానికే పరిమితం.

ఈ విభాగం గురించి రాసేవాళ్ళు సాధారణంగా పేర్ల చిట్టా విప్పుతారు: అమర్త్య సేన్, జగదీశ్ భగవతి, మన్మోహన్ సింగ్, సుఖమయ్ చక్రవర్తి, కె.ఎన్. రాజ్. చిట్టా నిజమే. అయితే వీరిలో చాలామంది ఇక్కడ పట్టుమని పదేళ్ళు కూడా లేరు. ఒకరు ప్రణాళికా సంఘానికి, ఒకరు మంత్రిత్వ శాఖకు, ఇంకొకరు విదేశీ విశ్వవిద్యాలయానికి, మరొకరు కొత్త సంస్థ పెట్టడానికి వెళ్ళిపోయారు. ఇక్కడ లేవనెత్తిన ప్రశ్నలు వాళ్ళతోపాటే ప్రయాణించాయి. విభాగం చరిత్రలో సగం దాని గోడల బయట జరగడానికి కారణం ఇదే.

స్థాపన

రావు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ కోసం ఎంచుకున్న విషయం బ్రిటిష్ ఇండియా జాతీయాదాయం. 1931-32 సంవత్సరానికి దేశమంతటి ఆదాయాన్ని లెక్కగట్టారు. పంటల లెక్కలు కొంతైనా దొరికేవి కానీ చేతివృత్తులు, చిల్లర వ్యాపారం, ఇంటి పనివాళ్ళ సంపాదన వంటివాటికి సరైన ఆధారాలే లేని కాలమది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ప్రభుత్వం జాతీయాదాయ కమిటీని వేసింది. గణాంకవేత్త మహలనోబిస్ అధ్యక్షుడు, ఆర్థికవేత్త డి.ఆర్. గాడ్గిల్, రావు సభ్యులు. అదే ఏడాది రావు ఈ స్కూలు తెరిచారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆదర్శమని పేరే చెబుతోంది. నెహ్రూ అండ ఉండేది. కొత్త ప్రభుత్వానికి ప్రణాళికలు వేయాలంటే అంకెలు కావాలి, అంకెలు చదవగలిగిన మనుషులూ కావాలి. ఆ మనుషుల్ని తయారుచేయడమే స్కూలు మొదటి పని.

సంస్థలు కట్టడం రావుకు అలవాటు. ఆ తర్వాత పక్కనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్, 1972లో బెంగళూరులో ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనమిక్ చేంజ్ వచ్చాయి. మధ్యలో ఢిల్లీ విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలర్‌గా, 1969 నుంచి 1971 వరకు కేంద్ర విద్యామంత్రిగా కూడా ఉన్నారు. డి-స్కూల్ ఆవరణలోని రతన్ టాటా లైబ్రరీ ఇప్పటికీ దేశంలో సామాజిక శాస్త్రాలకు పేరున్న గ్రంథాలయాల్లో ఒకటి.

అరవైల దశాబ్దం

మొదటి పంచవర్ష ప్రణాళిక రాతలో పాలుపంచుకున్నప్పుడు కె.ఎన్. రాజ్‌కు పాతికేళ్ళు దాటి ఎక్కువ కాలం కాలేదు. 1953లో ఆయన స్కూలుకు వచ్చారు. 1962లో భగవతి, 1963లో సేన్, చక్రవర్తి చేరారు. ఎకనామెట్రిక్స్‌కు ఎ.ఎల్. నాగర్, తర్వాత కె.ఎల్. కృష్ణ ఉన్నారు. మన్మోహన్ సింగ్ 1969 నుంచి 1971 వరకు అంతర్జాతీయ వాణిజ్యం బోధించి, అక్కడినుంచి వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆర్థిక సలహాదారుగా వెళ్ళారు. 1991లో పి.వి. నరసింహారావు ఆయన్ను ఆర్థికమంత్రిగా పిలిపించుకోవడం తెలుగువారికి కొత్త కథ కాదు.

ఆ రోజుల్లో భగవతి, ప్రభుత్వ ఆర్థిక సలహాదారు వి.కె. రామస్వామి కలిసి 1963లో ఒక పరిశోధన పత్రం రాశారు. దేశం లోపలి మార్కెట్లో ఏదైనా వక్రత ఉంటే దాన్ని అక్కడే సబ్సిడీతోనో పన్నుతోనో సరిదిద్దాలని, దిగుమతి సుంకం వేయడం దానికి మంచి మందు కాదని వాళ్ళు గణితంతో చూపించారు. ఇంట్లో కప్పు కారుతుంటే వీధి గుమ్మానికి తలుపు బిగించినట్టు ఉంటుందన్నమాట. వాణిజ్య సిద్ధాంతంలో ఇప్పటికీ చదివే పత్రం ఇది. దీని రచయితల్లో ఒకరు ప్రొఫెసర్, మరొకరు ప్రభుత్వోద్యోగి కావడం ఆ కాలపు ఢిల్లీకి సరిగ్గా సరిపోయే సంగతి. 1970లో భగవతి, పద్మా దేశాయ్ కలిసి వెలువరించిన పుస్తకం లైసెన్సులు, కోటాల మీద ఆధారపడిన పారిశ్రామిక విధానాన్ని గట్టిగా విమర్శించింది. అంటే ప్రణాళికలకు మనుషుల్ని తయారుచేయడానికి పెట్టిన స్కూల్లో పనిచేసినవాళ్ళే ప్రణాళికా విధానం మీద తొలి పెద్ద విమర్శల్లో ఒకటి రాశారు. దీన్ని లోపంగా కాక విభాగం ఆరోగ్యానికి గుర్తుగా చూడడం సమంజసం.

సేన్ ఇక్కడ ఉండగానే సామాజిక ఎంపిక సిద్ధాంతం మీద తన ప్రధాన గ్రంథాన్ని పూర్తిచేశారు. అది 1970లో వచ్చింది. అందరూ కోరుకున్నదాన్ని సమాజం కాదనకూడదు. ప్రతి మనిషికీ కనీసం తన సొంత విషయాల్లోనైనా స్వేచ్ఛ ఉండాలి. వినడానికి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావు. కానీ కొన్ని సందర్భాల్లో రెండూ పొసగవని అదే సంవత్సరం ఆయన ఒక చిన్న పత్రంలో నిరూపించారు. 1971లో లండన్ వెళ్ళారు. 1998లో ఆయనకు నోబెల్ వచ్చింది.

చిన్న కమతం, పెద్ద కమతం

విభాగం చుట్టూ జరిగిన వాదాల్లో తెలుగు పాఠకుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది వ్యవసాయ వాదం. 1950ల మధ్య నుంచి కేంద్ర ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో సేద్యపు ఖర్చుల సర్వేలు చేయించింది. రైతు ఇంటికి వెళ్ళి ఎంత విత్తనం, ఎంత ఎరువు, ఎన్ని రోజుల కూలి, ఎంత దిగుబడి అని ఏడాది పొడవునా రాసుకునే పని అది. పంజాబ్‌లో అమృత్‌సర్, ఫిరోజ్‌పూర్, మద్రాసు రాష్ట్రంలో సేలం, కోయంబత్తూరు, ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమగోదావరి ఈ జాబితాలో ఉన్నాయి. లెక్కలు వచ్చాక ఒక విచిత్రం కనిపించింది. చాలా చోట్ల కమతం పెద్దదవుతున్నకొద్దీ ఎకరా దిగుబడి తగ్గుతోంది.

1962లో, ఇంకా ఢిల్లీకి రాకముందే, సేన్ దీనికి ఒక వివరణ రాశారు. చిన్న రైతు ఇంటిల్లిపాదితో చాకిరీ చేస్తాడు. తన చాకిరీకి, భార్యాబిడ్డల చాకిరీకి కూలి కట్టుకోడు. ఇంకో కలుపు తీస్తే నాలుగు గింజలు ఎక్కువ వస్తాయంటే తీస్తాడు. కూలీలను పెట్టుకునే పెద్ద రైతు మాత్రం ఆ నాలుగు గింజలు కూలి డబ్బులకు గిట్టవనుకున్నచోట ఆపేస్తాడు. అందుకే చిన్న చెక్కలో శ్రమ ఎక్కువ, దిగుబడీ ఎక్కువ. దీనికి ఎదురు వాదాలు వచ్చాయి. మంచి మాగాణి ఉన్నచోట జనం ఎక్కువ, కాబట్టి కమతాలు చీలికలై చిన్నవవుతాయి, దిగుబడి తేడా నేలది కానీ మనిషిది కాదు అని కొందరన్నారు. సగటులు తీయడంవల్లే ఈ బొమ్మ కనబడుతోందని, రైతు రైతునూ విడిగా చూస్తే చెదిరిపోతుందని అశోక్ రుద్ర వంటివారు పట్టుబట్టారు.

ఈ వాదంలో ఇద్దరు హైదరాబాద్ రాష్ట్రపు ఆర్థికవేత్తలు ముఖ్యులు. ఒకరు ఎ.ఎం. ఖుస్రో. ఉస్మానియాలో ఉండగా జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాల మీద ఆయన చేసిన అధ్యయనం 1958లో పుస్తకంగా వచ్చింది. తర్వాత ఢిల్లీలో స్థిరపడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌కు డైరెక్టరయ్యారు. రెండోవారు కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన సి.హెచ్. హనుమంతరావు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే పనిచేసి, దాన్ని నడిపించి, 1982-86 మధ్య ప్రణాళికా సంఘ సభ్యులయ్యారు. హరిత విప్లవపు కొత్త వంగడాలు, ట్రాక్టర్ల లాభం ఎవరికి ఎంత చేరిందన్నది 1975లో వచ్చిన ఆయన పుస్తకం అడిగిన ప్రశ్న. ఈ వాదం పుస్తకాలకే పరిమితం కాదు. చిన్న కమతం మెరుగన్న లెక్క నిలిస్తే భూపరిమితి చట్టానికి న్యాయంతోపాటు లాభం కూడా తోడవుతుంది. 1973లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టం చేసేనాటికి వాదం ఇంకా తెగలేదు. ఇప్పటికీ పూర్తిగా తెగిందని చెప్పలేం.

చరిత్రకారుల మూల

అర్థశాస్త్ర విభాగంలో చరిత్రకు ఇంత చోటు దొరకడం అరుదు. తపన్ రాయ్‌చౌధురి, ధర్మా కుమార్, డచ్చి ఈస్టిండియా కంపెనీ దస్తావేజులను తవ్విన ఓం ప్రకాశ్ ఇక్కడ పనిచేశారు. ధర్మా కుమార్ 1965లో ప్రచురించిన పుస్తకం మద్రాసు ప్రెసిడెన్సీలోని భూమి, కులం గురించి. సర్కారు జిల్లాలు, సీడెడ్ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. భూమిలేని కూలీలు బ్రిటిష్ పాలనలోనే పుట్టుకొచ్చారన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. కంపెనీ పాలన మొదలయ్యేనాటికే తరతరాలుగా పాలేరుతనానికి కట్టుబడ్డ కులాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయని ఆమె పాత రికార్డుల నుంచి చూపించారు. జాతీయవాదులకు ఇది రుచించలేదు. ఆమె సంపాదకత్వంలో 1983లో కేంబ్రిడ్జ్ భారత ఆర్థిక చరిత్ర రెండో సంపుటం వెలువడింది. దిలీప్ మూకర్జీతో కలిసి 1995లో డి-స్కూల్ జ్ఞాపకాల సంకలనం కూడా తెచ్చారు.

ఉపన్యాసాలు, సెమినార్లు, పత్రిక

బయటివారిని పిలిచి మాట్లాడించడం మొదటి నుంచీ ఉంది. కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్త జోన్ రాబిన్‌సన్ మార్క్స్, మార్షల్, కీన్స్‌లను పక్కపక్కన పెట్టి రాసిన ప్రసిద్ధ వ్యాసాన్ని 1955లో అచ్చువేసింది డి-స్కూలే. 1952లో మొదలైన ఇండియన్ ఎకనమిక్ రివ్యూ ఈ విభాగపు పత్రిక. 1992లో కౌశిక్ బసు చొరవతో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ ఏర్పడింది. పరిశోధన పత్రాలు అచ్చుకు ముందే వర్కింగ్ పేపర్లుగా తేవడం, సెమినార్లు, సమావేశాలు నిర్వహించడం దాని పని. ఎకనామెట్రిక్ సొసైటీతో కలిసి ఏటా డిసెంబరులో జరిపే వింటర్ స్కూల్‌కు విదేశాల నుంచి పేరున్న ఆర్థికవేత్తలు వచ్చి పాఠాలు చెబుతారు. ఇక్కడి యువ పరిశోధకులు తమ పత్రాలు వాళ్ళ ముందు చదువుతారు.

సెమినార్ గదిలో తెగని వాదం బయట టీ దుకాణం దగ్గర కొనసాగుతుంది. ఈ ఆవరణ మటన్ దోసెకు కూడా పేరు పొందింది. తెలుగు నాలుక దాన్ని దోసెగా ఒప్పుకుంటుందా అన్నది వేరే చర్చ.

ఊళ్ళలోకి

అరవైలే స్వర్ణయుగమన్న మాట తరచు వినబడుతుంది. తొంభైల తర్వాతి పనిని అది అన్యాయంగా కప్పేస్తుంది. 1990ల్లో ఆర్థికవేత్త జాన్ డ్రేజ్ ఇక్కడ బోధించారు. సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ సహకారంతో ప్రాథమిక విద్య మీద 1999లో వచ్చిన ప్రోబ్ నివేదిక బీహార్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్‌ప్రదేశ్ ఊళ్ళలో బడులను వెతికి వెతికి చూసింది. చెప్పకుండా వెళ్ళిన బడుల్లో దాదాపు సగంచోట్ల పాఠం జరగడం లేదు. పేదలకు చదువు మీద ఆసక్తి లేదన్న సాకు మాత్రం అబద్ధమని తేలింది. తల్లిదండ్రులు కావాలంటున్నారు, బడే అందడం లేదు. హిమాచల్‌లో సంగతి వేరు. అక్కడ ఆడపిల్లలతో సహా దాదాపు అందరూ బడికి వెళుతున్నారు.

అశ్విని దేశ్‌పాండే కులం, ఉద్యోగాల మీద పనిచేశారు. కేథరిన్ న్యూమన్‌తో కలిసి ఆమె 2007లో ప్రచురించిన పత్రం ఢిల్లీలోని విశ్వవిద్యాలయాల్లో ఒకే చదువు చదివిన దళిత, దళితేతర విద్యార్థుల ఉద్యోగ వేటను పోల్చింది. ఇంటర్వ్యూలో మీ కుటుంబ నేపథ్యమేమిటన్న మామూలు ప్రశ్నకు ఎవరు ఎంత తడబడ్డారో, ఎందుకో అందులో ఉంది. రోహిణి సోమనాథన్, అభిజిత్ బెనర్జీ బడులు, నీళ్ళు, రోడ్లు ఏ సమూహాలున్నచోట ఆలస్యంగా చేరాయో జనగణన లెక్కలతో పరిశీలించారు.

డ్రేజ్ ఆహార హక్కు ఉద్యమంలోనూ, గ్రామీణ ఉపాధి హామీ చట్టం తొలి ముసాయిదాలోనూ భాగస్వామి. ఆ చట్టం అమలును 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ప్రారంభించిన ప్రధానమంత్రి 1969లో ఇదే విభాగంలో ప్రొఫెసర్‌గా చేరిన మన్మోహన్ సింగ్.