చప్పిడి కూటి చరిత్ర

మన ఇళ్లలో చప్పిడి పథ్యం అనే మాట బీపీ మిషను కంటే చాలా పాతది. ఒంటికి నీరు పడితే, కాళ్లు వాస్తే, వైద్యుడు ముందు ఉప్పు మానెయ్యమనేవాడు. ఏ బీరకాయో పొట్లకాయో ఉత్తినే ఉడికించి అన్నంలో పెట్టేవాళ్లు. ఎందుకు మానాలని తినేవాళ్లు అడిగేవాళ్లు కాదు, పెట్టేవాళ్లు చెప్పేవాళ్లూ కాదు. ఉప్పుకీ రక్తపోటుకీ లంకె ఉందని తేలాలంటే ముందు ఆ పోటును కొలవాలి గదా.

ఆ కొలత అంత తేలిగ్గా దొరకలేదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి పాద్రీ గుర్రం ధమనిలోకి గాజు గొట్టం దించి చూస్తే నెత్తురు ఎనిమిది అడుగుల పైచిలుకు ఎత్తుకు ఎగబాకింది. ఆ సంగతి 1733లో అచ్చు వేశాడు. మనిషికి అలా గొట్టం గుచ్చి కూచోబెట్టలేం. చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతిని ఇటలీలో రివా రోచి 1896లో చూపించాడు. పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు వినమని రష్యన్ డాక్టరు కొరొట్కొఫ్ 1905లో చెప్పాడు. పై అంకె, కింది అంకె అని ఇవాళ మనం అనుకునేవి ఆ చప్పుడు మొదలైన చోటు, ఆగిన చోటు. రివా రోచికీ కొరొట్కొఫ్‌కీ మధ్యన, 1904లో, పారిస్‌లో అంబార్, బొజార్ అనే ఇద్దరు వైద్యులు కొద్దిమంది రోగులకు ఉప్పు తగ్గించీ పెంచీ చూశారు. తగ్గిస్తే పోటు దిగింది, పెంచితే ఎక్కింది. చప్పిడి పథ్యానికి అంకె పడింది అప్పుడే. అయినా దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పట్టించుకోకపోతే ఏమయ్యేదో రూజ్‌వెల్ట్ కథలో కనిపిస్తుంది. 1944 మార్చిలో ఆ అమెరికా అధ్యక్షుడిని గుండె వైద్యుడు బ్రూయెన్ పరీక్షించేసరికి బీపీ 186/108. ఉప్పు తగ్గించమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు, గుండెకు మందిచ్చారు. పోటును నేరుగా దించే మందు ఆ డాక్టరు చేతిలో లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లిన రోజు ఆయన బీపీ 300/190. ప్రపంచ యుద్ధం నడిపిన మనిషి ఒంట్లోని పోటుకు అప్పటి వైద్యం దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు అప్పటికే ఒకచోట పళ్లెంలో వడ్డిస్తున్నారు. అదీ తెల్లన్నం.

హిట్లర్ జర్మనీ నుంచి బయటపడి అమెరికా చేరిన వాల్టర్ కెంప్నర్ నార్త్ కరొలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మూత్రపిండాల మీద పనిచేసేవాడు. చెడిపోయిన మూత్రపిండానికి పని తగ్గించాలంటే మాంసకృత్తులూ ఉప్పూ తగ్గించాలన్నది ఆయన లెక్క. 1939లో మొదలుపెట్టిన పథ్యం ఇది: ఉప్పు వెయ్యకుండా వండిన అన్నం, పళ్లు, పళ్లరసం, పంచదార. అంతే. పాలు లేవు, పప్పు లేదు, నూనె చుక్క లేదు. మాంసకృత్తులు రోజుకు ఇరవై గ్రాములు, సోడియం సుమారు 150 మిల్లీగ్రాములు. మన భోజనంలో ఒక్క అప్పడం, నాలుగు మెతుకుల్లో కలుపుకున్న ఊరగాయ ఆ గీత దాటేస్తాయి.

1942లో మూత్రపిండాల జబ్బుతో ఒకావిడ వచ్చింది. కంటి వెనక పొర వాచి ఉంది, బీపీ 190/120. రెండు వారాలు ఈ పథ్యం తిని రమ్మన్నాడు కెంప్నర్. ఆయన జర్మన్ యాసలో ఆవిడకు రెండు నెలలని వినిపించింది. రెండు నెలలూ ఒక్క రోజు తప్పకుండా తిని వచ్చింది. బీపీ 124/84. కంట్లో వాపు తీసింది. యాస సరిగ్గా ఉండుంటే రెండు వారాల ఫలితం చూసి ఎంతవరకు నమ్మేవారో! అప్పటినుంచి ఆయన రోగుల కంటి వెనక పొరకు ముందూ తర్వాతా ఫొటోలు తీసి, గుండె ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించేవాడు. అంకె మీద నమ్మకం లేని డాక్టరుకు కూడా ఆ ఫొటోలు కళ్లెదుటి సాక్ష్యం.

ఇక్కడొక వింత. ఇవాళ మన డాక్టర్లు తగ్గించమనేవాటిలో ఆ అన్నమూ ఉంది, ఆ పంచదారా ఉంది. మరి కెంప్నర్ రోగులు ఎలా బాగుపడ్డారు? నా మటుకు నాకు జవాబు అన్నంలో లేదు, అన్నం పక్కన లేనిదాంట్లో ఉంది. 1945లో ఆర్థర్ గ్రోల్‌మన్ బృందం ఉప్పు ఒక్కటే బాగా కట్టడి చేసినా కొందరికి పోటు దిగుతుందని చూపించింది. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. నాళాల్లో నీరు పెరిగితే పోటు పెరుగుతుంది. మూత్రపిండం ఆ ఉప్పును తోసెయ్యలేకపోతే పోటు దిగదు. ఇదంతా ఒకరోజులో తేలలేదు. అప్పటికి తెలిసిందల్లా అందులో అన్నం మహత్తేమీ లేదని.

కెంప్నర్ పథ్యానికి శత్రువు శాస్త్రం కాదు, నాలుక. నెలల తరబడి ఆ కూడు ఎవరు తింటారు? మాట వినని రోగులను కొరడాతో కొట్టానని ముసలితనంలో, కోర్టు కేసు పడ్డాక, ఆయనే ఒప్పుకున్నాడు. 1950ల చివర ఉప్పును మూత్రంలో బయటికి తోసే క్లోరోథయాజైడ్ మాత్ర వచ్చింది. పళ్లెంలోంచి తియ్యలేని ఉప్పును ఒంట్లోంచి తీస్తుంది ఆ మాత్ర. చప్పిడి కూడు మూలపడింది.

మూలపడ్డా పరిశోధన ఆగలేదు. అమెరికాలో లూయిస్ డాల్ ఎలుకలను రెండు వంశాలుగా పెంచాడు. ఒకే ఉప్పు మేత పెడితే ఒక వంశానికి పోటు చెలరేగేది, రెండోదానికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ‘మా తాత జాడీలకు జాడీలు ఆవకాయ తిని తొంభై ఏళ్లు బతికాడు’ అనే వాదనకు డాల్ ఎలుకలే సమాధానం. తాత రెండో వంశం. మనవడు ఏ వంశమో ముందే ఎవరూ చెప్పలేరు. 1988లో ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా మూత్రం పట్టి ఉప్పు లెక్కగట్టింది. ఉప్పు దాదాపు ఎరగని బ్రెజిల్ యనొమామి అడవి జనానికి బీపీ పై అంకె సగటున వందకు లోపే; వయసు మీదపడ్డా పెరగలేదు. లెక్కలు తప్పని ఉప్పు పరిశ్రమ గోల చేసింది. ఆ తగవు ఏళ్ల తరబడి నడిచింది.

జబ్బును పళ్లెంతో ఎదుర్కోవడం పోటుతోనే ఆగలేదు. కొలెస్ట్రాల్ కథ వేరే దారిలో నడిచింది. రష్యాలో అనిచ్‌కొఫ్ 1913లో కుందేళ్లకు కొలెస్ట్రాల్ మేపి ధమనులు పూడటం చూపించాడు. ఫిన్లండులో నార్త్ కరేలియా జిల్లా వాళ్లు 1972 నుంచి వెన్న తగ్గించే ఉద్యమం నడిపారు. నాకు వీటిలో ఇష్టమైంది టొరంటోలో డేవిడ్ జెన్కిన్స్ 2003లో ప్రకటించిన ప్రయోగం. ఆ పళ్లెంలో బాదం, సోయా, ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్, వంకాయ, బెండకాయ. నాలుగు వారాల్లో చెడ్డ కొలెస్ట్రాల్ 28 శాతానికి పైగా దిగింది, లోవాస్టాటిన్ మాత్రకు దాదాపు సమానంగా. జిగురని పిల్లలు పక్కకు నెట్టే బెండకాయకు అంతటి సభలో చోటు దొరికింది.

బీపీకి తిరిగి వస్తే, 1997లో డాష్ అనే ప్రయోగం కెంప్నర్ పళ్లాన్ని తలకిందులు చేసింది. 459 మందికి తిండి వంటశాలలో తూచి వండి పెట్టారు. ఉప్పు తగ్గించలేదు, బరువు తగ్గనివ్వలేదు. కూరగాయలు, పళ్లు, వెన్న తీసిన పాలు, పెరుగు పెంచారు. అప్పటికే పోటున్నవాళ్లకు పై అంకె మామూలు తిండి తిన్నవాళ్ల కంటే 11.4 ఎక్కువ దిగింది. నాలుగేళ్లకు అదే తిండికి ఉప్పు కట్టడి జోడిస్తే ఇంకాస్త దిగింది. ఇక్కడ కథ మలుపు తిరిగింది. తీసెయ్యడంతోనే కాదు, పెట్టడంతోనూ పోటు దిగుతుంది. పళ్లలో, ఆకుకూరల్లో ఉండే పొటాషియం ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండానికి సాయం చేస్తుంది.

ఆ ఆలోచన నుంచే ఉప్పు పొట్లంలోనే పొటాషియం కలిపే ప్రయత్నం వచ్చింది. చైనా పల్లెల్లో సుమారు 21 వేల మంది మీద దాదాపు అయిదేళ్లు పరీక్షించగా పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ప్రకటించారు. మన తెలంగాణలో సిద్దిపేట పల్లెల్లోనూ బీపీ ఉన్న 502 మందిలో కొందరికి ఇలాంటి ఉప్పు, మిగతావాళ్లకు మామూలు ఉప్పు మూడు నెలలు ఇచ్చి చూశారు. అన్నం మార్చలేదు, కూర మార్చలేదు. ఏ పొట్లం ఎవరికి వెళ్లిందో తిన్నవాళ్లకూ తెలియదు, ఇచ్చినవాళ్లకూ తెలియదు. మామూలు ఉప్పు తిన్నవాళ్లతో పోలిస్తే పై అంకె సగటున 4.6 దిగింది. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, పొటాషియం పెంచే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ ఉప్పు ముట్టకూడదు. వాళ్లకు పొటాషియమే ప్రాణం మీదికి తెస్తుంది.

రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చిన్న టీ స్పూను నిండా. కూరలో వేసేది చెంచాతో కొలుస్తాం, ఊరమిరపకాయలో ఉన్నది కొలవం. వంటింట్లో ఉప్పు పొట్లం మార్చినా, అటక మీది జాడీలో ఆవకాయ మాత్రం పోయిన వేసవి ఉప్పుతో పెట్టినదే.