ఒక నక్షా, రెండు గీతలు

ఉర్దూలో 'నక్షా' అంటే పటం. గళ్లు గీసి లెక్కలు నింపిన కాగితాన్నీ నక్షా అనే అంటారు. మా అబ్బా చదువుకున్నది తక్కువ గానీ ఈ రెండూ ఆయనకు తెలుసు. ఆయన కోల్ ఫిల్లర్. టబ్బుల లెక్కన జీతం. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి, తలుపు వెనక సుద్దతో గీతలు గీసేవారు, పాలవాడి హిసాబ్‌లాగా. ఏ వారం కమ్మీ అయిందో అమ్మీ దూరం నుంచే చూసి చెప్పేది.

లెక్కను తస్వీరుగా మార్చే ఈ హునర్‌కు పెద్ద తవారీఖ్ ఉంది. 1786లో స్కాట్లాండ్ వాడైన విలియం ప్లేఫెయిర్ తిజారత్ లెక్కలను గీతలుగా, కడ్డీలుగా గీసి కితాబ్ వేశాడు. 1860ల్లో ఫ్రాన్సు ఇంజనీరు మినార్ (మన మసీదు మినార్ కాదు, ఆయన ఇంటిపేరే అది) ఇంగ్లాండ్ బొగ్గు ఏ ముల్కుకు ఎంత పోతోందో పటం మీద పట్టీలుగా చూపించాడు. బొగ్గు ఎంత ఎక్కువైతే పట్టీ అంత వెడల్పు.

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి బాయిలో, ప్రతి షిఫ్ట్‌కూ మస్టర్లు, టన్నుల లెక్కలు జమవుతూనే ఉన్నాయి. ఆ రిజిస్టర్లన్నీ ఎవరు కూర్చుని చదవగలరు?

మొన్న గోదావరిఖని ఇంట్లో నా భతీజా లాప్‌టాప్ తెరిచి "చాచా, ఇది చూడండి" అన్నాడు. రెండు గీతలు. 1990ల మొదట్లో ఏడాదికి 2 కోట్ల టన్నుల చుట్టూ ఉన్న బొగ్గు 2023-24లో 7 కోట్లు దాటింది. లక్షకు పైన ఉన్న ఉద్యోగులు 40 వేల చుట్టుపక్కలకు దిగారు. గీతలు మధ్యలో కత్తెరలా కోసుకున్నాయి.

"ఈ కోసుకునే చోటు నువ్వు పెట్టిందే కదా?" అన్నాను. ఒకవైపు టన్నుల కొలత, ఇంకోవైపు మనుషుల కొలత. ఒకదాన్ని కాస్త సాగదీస్తే ఆ చోటు పదేళ్లు అటో ఇటో జరుగుతుంది. వాడు నవ్వి, టన్నులను మనుషులతో భాగించి ఒకే గీత గీశాడు. మనిషికి 200 టన్నుల లోపు నుంచి 1,700 దాకా ఎక్కింది. చూడ్డానికి కమాల్‌గానే ఉంది.

కానీ ఓపెన్‌కాస్ట్‌లలో మట్టి తీసే డంపర్ల మీద కూర్చునేది చాలావరకు కాంట్రాక్ట్ మజ్దూర్లే. మా గల్లీలోనే నలుగురున్నారు. భాగహారంలో కింద ఉన్న ఆ సంఖ్యలో వాళ్లు లేరు. "వాళ్లను కలిపి మళ్లీ గీయి బేటా" అన్నాను. ఆ మస్టర్లు ఎవరి దగ్గరున్నాయని వాడు ఇంకా వెతుకుతున్నాడు.